వాపసు వచ్చిన వరలక్ష్మి

ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముకునేవాళ్లు ఈమధ్య మరీ సుకుమారంగా తయారయ్యారు. రిటర్న్ వచ్చిన ప్రతి పార్శిల్‌కీ ఏడుపే. కొన్నవాళ్ల పక్షాన నాలుగు మాటలు చెప్పే నాథుడు లేడు కాబట్టి ఆ భారం నేనే ఎత్తుకుంటున్నాను.

బెంగళూరు మారతహళ్లిలో మా కింది వాటాలో ధర్మవరం దంపతులున్నారు. ముందుగదే గోడౌన్, మంచమే ప్యాకింగ్ బల్ల. శ్రావణమాసం వస్తే అన్నం తినే తీరిక ఉండదు. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం. శనివారం తెల్లారేసరికి రిటర్న్ రిక్వెస్టులు మొదలవుతాయి. కారణం అందరిదీ ఒకటే: ‘రంగు ఫొటోలో ఉన్నట్టు లేదు.’ చీర వెనక్కి వచ్చాక మడత విప్పితే అక్షింతలు రాలాయి. కొంగుకి పసుపు. సాంబ్రాణి వాసన సరేసరి. ‘ఇదేం న్యాయం అన్నా?’ అందావిడ.

నాకైతే అన్యాయమేమీ కనబడలేదు. పసుపు పడ్డాక రంగు ఫొటోలోలా ఎలా ఉంటుంది? కొన్నవాళ్లు నిజమే రాశారు. పైగా ఆ చీర కట్టుకున్నది మామూలు మనిషి కాదు, కలశం మీది అమ్మవారు. అంతటి తల్లి కట్టి విడిచిన చీర వెతుక్కుంటూ ఇంటికొస్తే కళ్లకద్దుకోవాలి గానీ నష్టం ఇప్పించమని సైటు కంపెనీకి క్లెయిమ్ పెడతారా? కొన్నవాళ్ల ఇంట్లోంచీ లక్ష్మి పోలేదు. నాలుగైదు రోజుల్లో రీఫండ్ రూపంలో ఖాతాలోకే వచ్చింది. వ్రతఫలమంటే అది.

వెళ్లిన కొరియర్ ఖర్చు, చాలాచోట్ల వచ్చిన ఖర్చు కూడా అమ్మినవాళ్లకి కంపెనీ ఇచ్చే డబ్బు, అంటే సెటిల్‌మెంట్‌లోంచే కోస్తారు. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్‌టీ. దేవుడి చీరకి ఆమాత్రం దక్షిణ ఉండొద్దా?

అసలు పంపిన చీరే తిరిగి రావాలనడం ఇంకో పట్టుదల. మొన్న మెరూన్ పట్టుచీర బదులు ఉతికి ఉతికి వెలిసిన నైటీ వచ్చింది. ఎస్‌పీ రోడ్డులో ఇయర్‌బడ్స్ అమ్మే కుర్రాడికి డబ్బాలో సబ్బుబిళ్ల వచ్చింది. సబ్బు కొత్తదే, వాడినది కాదు. అది కూడా గమనించాలి. వాపసు తీసుకునే డెలివరీ కుర్రాడు చూసుకోవద్దా అంటారు. వీపు మీద సంచి నిండా పార్శిళ్లు, ముందు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్. రంగు కలిసిందా, ఫొటో తీశానా అని చూసుకుని వెళ్లిపోతాడు. నైటీ కూడా మెరూనే కదా.

ఇక క్లెయిమ్ సంగతి. దీనివల్ల ఆ దంపతులకి సినిమా విద్య అబ్బింది. పార్శిల్ విప్పేటప్పుడు ఆయన కెమెరా, ఆవిడ కత్తెర. లేబుల్ కనబడాలి, డబ్బా ఆరు వైపులా తిప్పాలి, మధ్యలో కట్ ఉండకూడదు. అదంతా చేసి పంపితే, ‘బార్‌కోడ్ స్పష్టంగా లేదు, క్లెయిమ్ తిరస్కరించాం’ అని జవాబు. కొన్నవాళ్ల ఫిర్యాదుకి ఒక్క మసక ఫొటో చాలు. నటనలో సహజత్వం ముఖ్యం మరి.

చట్టం లేదనడానికి వీల్లేదు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం వినియోగదారు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. లోపమున్న సరుకుని, చెప్పినట్టు లేని సరుకుని వాపసు తీసుకోనని అమ్మినవాళ్లు అనకూడదు. మంచి నియమాలే. ఫోన్ ఆర్డర్ చేస్తే ఇటుక పంపిన ఘనులు అమ్మేవాళ్లలోనూ ఉన్నారు. ఆ భయం పోగొట్టడానికే 2010లో ఫ్లిప్‌కార్ట్ ఈ ఊరి నుంచే క్యాష్ ఆన్ డెలివరీ మొదలుపెట్టింది. ఇటుక అటునుంచి ఇటు వస్తే ఏం చేయాలన్నది మాత్రం ఆ నియమాల్లో కనబడదు. కంపెనీని అడిగితే, ‘మేం మధ్యవర్తులం’ అంటుంది. మధ్యవర్తి మీద బాధ్యత పడకుండా ఐటీ చట్టం 79వ సెక్షన్ గొడుగు ఉంది. కొనేవాడు వినియోగదారుడు. అమ్మేవాడు, పాపం, ఇద్దరికీ మధ్య ఖర్చు.

పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చు. మోసానికి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ ఉంది, ఏడేళ్ల దాకా జైలు. స్టేషన్‌లో రైటర్ అడిగేవి చిన్న ప్రశ్నలే: ఎవరు, ఎక్కడుంటారు, ఫోన్ నంబరెంత? ఆ నంబరే అమ్మినవాళ్లకి కనబడకుండా దాస్తారు, కొన్నవాళ్ల గోప్యత కోసం. నైటీ ఇచ్చి రసీదు తెచ్చుకోవాలంతే.

అంచేత నా సలహా ఒక్కటే. ఇకమీదట ఖాళీ డబ్బాలు మాత్రమే పంపండి. నేయక్కర్లేదు, మడత పెట్టక్కర్లేదు, పసుపు మరక భయం లేదు. వెళ్లిన డబ్బాయే తిరిగి వస్తుంది కాబట్టి క్యూసీ అనే తనిఖీ కూడా తప్పకుండా పాసవుతుంది. రిటర్న్ చార్జీ మాత్రం యథాప్రకారం కోస్తారు.