మామూలు తక్కువ తీసుకునే లోహం

ఉత్ప్రేరకం అంటే పెళ్లిళ్ల పేరయ్య లాంటిదిరా అని హైస్కూల్లో మాస్టారు చెప్పారు. రెండు పక్షాల్నీ కలుపుతుంది, తను మాత్రం తరగదు. మా కోనసీమ పేరయ్యలు పెళ్లి పెళ్లికీ కొంచెం పెరుగుతారు, అది వేరే సంగతి. ఆ పాఠంలో మిగతా సగం ఇన్నేళ్లకి మా అల్లుడుగారు నేర్పుతున్నారు. యూనివర్సిటీలో ఎలక్ట్రోకెమిస్ట్రీ పరిశోధకులు. సంక్రాంతికి వచ్చారు. ఇప్పుడు వైశాఖం.

నీళ్లని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టడం ఆయన పని. లెక్క ప్రకారం 1.23 వోల్టులు చాలు. కానీ సరిగ్గా అంతే కడితే ఎలక్ట్రోడ్ దగ్గర, అంటే నీళ్లలో ముంచి కరెంటిచ్చే కడ్డీ దగ్గర, ఫైలు కదలదు. పైన ఇంకొంత ముట్టజెప్పాలి. దాన్ని వాళ్లు ఓవర్‌పొటెన్షియల్ అంటారు, మనం మామూలు అంటాం. హైడ్రోజన్ వైపు అతి తక్కువ మామూలుతో పని చేసిపెట్టేది ప్లాటినం. అంతటి నిజాయితీపరుణ్ణి కొలువులో పెట్టుకునే స్తోమత ఎవరికుంది? అందుకే చవకైన గుమస్తా కోసం ప్రపంచమంతా వెతుకులాట.

ఈ వ్యవహారం నడిచేది లోహమూ నీళ్లూ తాకే చోట, ఒక నానోమీటరు మేర, అంటే మీటరులో నూరు కోట్లవ వంతు. నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లే పంటు ఒడ్డుకొస్తుంటే ముందు దిగాలని అంచుకి అతుక్కుని ఒక వరస నిలబడుతుంది చూడండి, అయాన్లు కూడా అలాగే నిలబడతాయని హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే చెప్పాడు. ఆ నానోమీటరు మీద ఒక్క వోల్టు పడినా మీటరుకి నూరు కోట్ల వోల్టుల లెక్క. పంటు మీద తోపులాట కూడా సుమారు అంతే.

ఇక సబాటియే సూత్రం. ఈయన 1912లో నోబెల్ అందుకున్న ఫ్రెంచి పెద్దమనిషి. ఉత్ప్రేరకం మీద అణువు మరీ గట్టిగా అతుక్కోకూడదు, మరీ వదులుగానూ ఉండకూడదు. రావాలి, పని చూసుకోవాలి, పోవాలి. ఇది చెబుతూ అల్లుడుగారు మా వసారాలో పట్టెమంచం మీద మూడో గారె తింటున్నారు.

"పోకపోతే?" అన్నాను, కేవలం సైన్సు మీద ఆసక్తితో.

"విషమే మావయ్యగారూ! కార్బన్ మోనాక్సైడ్ ఉంది, ప్లాటినం మీద కూర్చుందంటే లేవదు. ఇంకెవరికీ చోటివ్వదు."

మా ఆవిడ నాలుగో గారె వేసింది.

ఇప్పుడు మా వంటింటి రొయ్య పెంకులన్నీ ఆయనవే. వాటిలో నైట్రోజన్ ఉంది కనక కాల్చి బొగ్గు చేస్తే ఉత్ప్రేరకమట. నవ్వకండి. 2020లో ప్రాగ్ శాస్త్రవేత్తలు గ్రాఫీన్ అనే పల్చటి కార్బన్ పొరలో పక్షి రెట్ట కలిపి చూశారు, ఉత్త గ్రాఫీన్ కన్నా బాగా పనిచేసింది. ఏది కలిపినా ఒక పేపరు అచ్చేస్తున్నారని వెక్కిరించడానికే వాళ్లా పని చేశారు. మా అల్లుడుగారు వెక్కిరింత వదిలేసి రెట్ట నోట్ చేసుకున్నారు. మన దగ్గర కోళ్లఫారాలకి కరువా? రొయ్య పెంకు, కొబ్బరి చిప్ప, అరటి బోదె, కోడి రెట్ట, నాలుగు పేపర్లు. రెండేసి కలిపితే ఇంకో ఆరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో ఇంత దిగుబడి మళ్లీ ఇదే.

కిందటి నెల రొయ్య బొగ్గు ప్లాటినంతో సమానంగా పనిచేసింది. వీధంతా పూతరేకులు పంచాం. 'ప్లాటినం అక్కర్లేని ఉత్ప్రేరకం' అని పేపరుకి పేరు కూడా పెట్టేశారు. తీరా చూస్తే సర్క్యూట్ పూర్తి చేయడానికి అవతల ముంచిన కడ్డీ ప్లాటినంది. అది ఆమ్లంలో కొంచెం కొంచెం కరిగి, ఇవతలికొచ్చి, రొయ్య బొగ్గు మీద చేరి పని కానిచ్చింది. పుస్తెలమ్మి పులస కొంటే సముద్రపు విలస తేలినట్టయింది. ఆ కడ్డీ తీసి గ్రాఫైట్ పెట్టగానే రొయ్య మళ్లీ రొయ్యే. ఇది ఈ రంగంలో పాత జబ్బేనట, జాగ్రత్త అని పెద్దలు రాస్తూనే ఉన్నారట. పూతరేకులు మాత్రం వెనక్కి రాలేదు.

అంచేత మళ్లీ మొదటి నుంచి. కొత్త పెంకులు, కొత్త బొగ్గు, అదే పట్టెమంచం.

"అతుక్కున్న ఆ మోనాక్సైడ్‌ని వదిలించే దారే లేదా అల్లుడుగారూ?" అని నిన్న అడిగాను.

"వోల్టేజి పెంచితే పోతుంది."

మా ఆవిడ ఉండగా ఈ ఇంట్లో అది నా వల్ల కాదు.

"లేదా ప్లాటినం పక్కనే రుథేనియం పెట్టాలి. అది ఆక్సిజన్ చేతికందించి, డయాక్సైడ్ చేసి, మర్యాదగా సాగనంపుతుంది."

అలా చేతిలో ఏదో పెట్టి మర్యాదగా సాగనంపే మనిషి మా చుట్టాల్లో ఒక్కడే, మా బావమరిది. కువైట్‌లో ఉన్నాడు. సెలవు వచ్చే సంక్రాంతికేనట.