పరిచయం కాకముందే ప్రణయం

బొమ్మలు, సంభాషణలతో తెరమీద ఆటలా నడిచే కథ విజువల్ నవల్. అందులో కథ ముందుకు కదలాలంటే పాఠకుడు ప్రతి వాక్యానికీ తెరను ఒకసారి నొక్కాలి. అచ్చు పుస్తకంలో కన్ను దాటిపోయే అనవసర వాక్యం ఇక్కడ వేలికి పని పెడుతుంది. పెద్దలకు మాత్రమే అంటూ, ఇంకా పూర్తికాకుండానే తొలి విడుదలగా వచ్చిన ఒక ఇంగ్లీషు విజువల్ నవల్‌ను ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలోని మా ఇంట్లో ఈమధ్య ఫోన్‌లో చదివాను. కథానాయిక కాఫీ కలిపే సన్నివేశానికి 14 సార్లు నొక్కవలసి వచ్చింది. ఆమె విడాకుల ప్రస్తావన రెండు నొక్కులతో ముగిసింది, మూడోదానికి ఆమె, ఆమె డ్రైవరు పడకగదిలో ఉన్నారు.

దీనికి రచయిత అశక్తత ఒక్కటే కారణం అనుకోను. పూర్తికాని ఆటను అమ్ముకునే పద్ధతికి, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2013లో ఎర్లీ యాక్సెస్ పేరుతో చోటిచ్చింది. నెలనెలా చందాలతో విడతలు తెచ్చే చిన్న నిర్మాతలు, ప్రతి విడతలోనూ ఒక శృంగార సన్నివేశం లేకపోతే చందాదారు నిలవడేమోనన్న భయంతో, పరిచయానికి దక్కవలసిన సమయాన్ని కోసేస్తారు. బొమ్మలను తర్వాత మార్చవచ్చు గానీ, ఇద్దరు మనుషులు తొలిసారి దగ్గరైన తీరు పాఠకుడి మనసులో పడ్డాక దాన్ని ఏ విడతా చెరపలేదు.

సంభాషణలు నన్ను ఇంకా బాధపెట్టాయి. యజమానురాలు, డ్రైవరు, పాత స్నేహితురాలు ముగ్గురూ ఒకే గొంతుతో మనసంతా విప్పి చెప్పేస్తారు. ‘మీరు నన్ను వదిలేస్తారేమోనని భయంగా ఉంది’ అని డ్రైవరు రెండో సన్నివేశంలోనే అంటాడు. మా బజారులో బట్టల కొట్టాయన, కొనడానికి వచ్చినవాళ్లతో ఒడియాలో మర్యాదగా బేరమాడుతూనే, తల తిప్పి భార్యతో ‘ఏటే, చిల్లరెక్కడెట్టినావు?’ అంటాడు, ఏళ్ల కాపురం ఆ ఒక్క మాటలో వినిపిస్తుంది. ఈ ఊళ్లోనే పంతులుగా పనిచేసి, సవరల నోట విని వాళ్ల భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి, వాడుక తెలుగు కోసం అంత గట్టిగా పోరాడింది మాటకున్న ఈ ప్రాణం కోసమేనని నేను నమ్ముతాను.

సాధనాలకు కొరత లేదు. ఇలాంటి కథలు తయారు చేయడానికి ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్ రెన్‌పై 2004 నుంచి ఉచితంగా దొరుకుతోంది. వాక్యాన్ని మధ్యలో ఆపి పాఠకుడి నొక్కు కోసం నిలిపే గుర్తు, మాటలపెట్టెను దాచి ముఖాన్ని మాత్రమే చూపే వెసులుబాటు అందులో ఉన్నాయి. విడాకుల సంగతి ఎత్తిన ఆమె ‘పోయిన వేసవిలో...’ అని ఆగి, చల్లారిన కప్పు వైపు చూస్తే చాలు. డ్రైవరు ఏమీ అడగకుండా ఆ కప్పు తీసుకెళ్లి, కడిగి బోర్లిస్తాడు. ఆ విడత అక్కడితో ఆగినా, తర్వాతి నెల చందా నేను కడతాను.