ఈ పాఠం ఫస్ట్ ఇయర్‌లోనే చెప్పాలి

ఒకటికి ట్రూ (‘నిజం’ అనే విలువ) కలిపితే ఎంత? పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ‘రెండు’ అంటుంది. జావా భాష కంపైలర్ (కోడ్ నడవకముందే దాన్ని పరిశీలించి మార్చే ప్రోగ్రాం) ఆ లైన్‌ను ఒప్పుకోదు. వరంగల్‌లో సీఎస్ఈ చదివే పిల్లలకు రెండు భాషలూ వచ్చు. ఈ తేడా ఎందుకో మాత్రం చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు.

ఆ ‘ఎందుకు’కు జవాబు వెతికేదే ప్రోగ్రామింగ్ భాషల సిద్ధాంతం. చూడ్డానికి గ్రీకు అక్షరాల గోలలా ఉంటుంది, నిజమే. కానీ పైథాన్‌లో రోజూ వాడే ‘లాంబ్డా’ (పేరులేని చిన్న ఫంక్షన్) 1930ల్లో గణితవేత్త అలాంజో చర్చ్ రాసిన గణితం నుంచి వచ్చిందే. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో నల్ రిఫరెన్స్‌ను, అంటే దేన్నీ చూపని ఖాళీ సూచికను, తెచ్చాడు. 2009లో ఆయనే దాన్ని వంద కోట్ల డాలర్ల తప్పు అన్నాడు. జావా ల్యాబ్‌లో ఆ ఖాళీ సూచిక వల్ల వచ్చే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ ఎర్రర్ చూసి టెన్షన్ పడని విద్యార్థి ఉండడు. ఆ పొరపాటును ప్రోగ్రాం నడవకముందే పట్టేలా భాషను కట్టొచ్చు. హాస్కెల్, రస్ట్ భాషలు చేసింది అదే.

మన దగ్గర ఈ విషయాలు కంపైలర్ డిజైన్ పేపర్‌లో ఓ మూలకు పోతాయి. కోడ్‌ను వ్యాకరణం ప్రకారం విడదీసే లెక్కలకే, అంటే ‘ఫస్ట్’, ‘ఫాలో’ సెట్లు, పార్సింగ్ పట్టికలకే, సెమిస్టర్ అయిపోతుంది. వాటికి స్టెప్పుల వారీగా మార్కులు వేయడం సులువు మరి! టైపుల (ఏ విలువ సంఖ్య, ఏది ట్రూ లాంటిది అని చెప్పే రకాలు) దగ్గరికి వచ్చేసరికి పరీక్షలు. ఈ రంగంలో పరిశోధన చేసే ప్రొఫెసర్ ఉన్నా, ఆయనకో ఆమెకో ఫైనల్ ఇయర్ ఎలక్టివ్ ఇస్తారు. అప్పటికి పిల్లల ధ్యాసంతా ప్లేస్‌మెంట్ల మీదే.

నా వాదన ఒక్కటే: ఆ ప్రొఫెసర్‌కు ఫస్ట్ ఇయర్ క్లాసు అప్పగించండి. కూడికలు, ‘ఇఫ్’ మాత్రమే ఉన్న చిన్న భాషకు పిల్లలతోనే ఇంటర్‌ప్రెటర్ (కోడ్‌ను చదివి నడిపే ప్రోగ్రాం) రాయించవచ్చు. అందులో ఒకటికి ట్రూ కలిపితే ఏమవ్వాలో వాళ్లే తేల్చుకోవాలి. జగిత్యాల, మంథని వైపు సర్కారు బడిలో చదివి, కాలేజీకొచ్చాకే కీబోర్డు ముట్టుకున్న విద్యార్థికి ఇది మేలు. అప్పటికే సీ భాష కోచింగ్ తీసుకున్నవాడికీ ఈ చిన్న భాష కొత్తే.

కంపెనీలు జావా అడుగుతాయి కదా అంటారు. ఆ జావాలోకి 2004లో వచ్చిన జెనరిక్స్ (ఒకే కోడ్‌ను రకరకాల టైపులకు వాడుకునే సదుపాయం) వెనకున్నది మార్టిన్ ఒడెర్‌స్కీ, ఫిలిప్ వాడ్లర్ లాంటి సిద్ధాంతకారుల పనే. అసలు చిక్కు వేరే ఉంది. ప్రమోషన్‌కు పేపర్లు లెక్కలోకి వస్తాయి గానీ, ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లో పెట్టిన గంటలకు విలువ కట్టేవాళ్లు తక్కువ. ఆ గంటలను కూడా ప్రమోషన్‌లో లెక్కేసి, పీహెచ్‌డీ స్కాలర్లను ల్యాబ్‌కు తోడిస్తే తప్ప ఏ ప్రొఫెసరూ ఈ క్లాసు తలకెత్తుకోరు.