ట్రాలీ కుదుపుని ఎడిటింగ్ సరిచేయదు

ఇవాళ ఒక రీల్ చూశాను, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. ప్లైవుడ్ ముక్కకి నాలుగు ఆఫీస్ కుర్చీ చక్రాలు బిగించి, మీద ట్రైపాడ్ పెట్టి, "ఐదొందల్లో ట్రాలీ రెడీ, కుదిపితే ఎడిటింగ్‌లో స్టెబిలైజ్ చేసుకోండి" అంటున్నాడు. షార్ట్ ఫిల్మ్ కోసం రూపాయి రూపాయి కూడబెట్టుకునే పిల్లలు రేపు దీన్నే చేసి షూటింగ్‌కి పోతారు. షాట్ పాడయ్యాక ఆ లొకేషన్, ఆ వెలుతురు, ఆ నటులు మళ్లీ దొరకాలి కదా!

కుర్చీ చక్రం చేసిందే అటూ ఇటూ తిరగడానికి. దాని ఇరుసు పైనున్న పిడికి సూటిగా కింద ఉండదు, కాస్త పక్కకి ఉంటుంది. ముందుకు తోసిన ట్రాలీని వెనక్కి లాగితే నాలుగు చక్రాలూ అర చుట్టు తిరిగాకే దారిలో పడతాయి. ఈలోపు ఫ్రేమ్ పక్కకి జరిగిపోతుంది. ఇక ఎడిటింగ్ అంటారా, 1/50 షట్టర్‌లో, అంటే ఒక్కో ఫ్రేముకి సెకనులో యాభయ్యో వంతు సేపు వెలుతురు పడేటప్పుడు, కెమెరా కుదిపితే ఆ ఫ్రేమే అలుక్కుపోతుంది. సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌ని స్థిరంగా నిలబెడుతుంది గానీ అలుక్కుపోయిన మొహాన్ని తిరిగి తేలేదు. పైగా అంచులు కోసేస్తుంది.

సరైన ట్రాలీ ఏమంత ఖర్చు కాదు. 18 ఎంఎం ప్లైవుడ్, రెండడుగులు బై మూడడుగులు. నాలుగు అల్యూమినియం ఎల్ యాంగిల్ ముక్కలు, ఒక్కోదానికి నాలుగేసి స్కేట్ చక్రాలు. అంటే 16 చక్రాలు, చక్రానికి రెండు చొప్పున 32 బేరింగులు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో 608 సైజు బేరింగ్ అని అడిగితే చాలు, ఇచ్చేస్తారు. లోపలి రంధ్రం 8 ఎంఎం, కాబట్టి ఎం8 బోల్టు సరిపోతుంది. చక్రాలు ట్రాక్‌గా పరిచే పైపుని రెండు పక్కల నుంచీ 45 డిగ్రీల వాలుతో పట్టుకోవాలి. చక్రం గట్టిదనం, అంటే దాని మీద రాసి ఉండే అంకె, 78ఏ నుంచి 85ఏ మధ్య ఉండేలా చూడండి. అంతకంటే గట్టిదైతే పైపు మీది ప్రతి గీతా కెమెరాకి తెలుస్తుంది.

ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. రెండు బేరింగుల మధ్య స్పేసర్ గొట్టం పెట్టకుండా బోల్టు బిగిస్తారు, చక్రం పట్టేస్తుంది. వాషర్ పెద్దదైతే బేరింగ్ సీలుని రాసుకుంటుంది. లోపలి వలయాన్ని మాత్రమే తాకే చిన్న వాషర్ వేసి, లోపల నైలాన్ వలయం ఉండే నైలాక్ నట్టు బిగించండి, అదైతే కుదుపుకి వదులవదు. ఇంకోటి: ఎల్ యాంగిల్ సెట్లని ప్లైవుడ్‌కి రెండేసి బోల్టులతో కదలకుండా బిగించొద్దు. ఒక్క బోల్టు మీద కాస్త తిరగనివ్వండి. రెండు పైపులూ అంగుళం తేడా లేకుండా సమాంతరంగా పరవడం ఎవరి తరమూ కాదు. సెట్టు తిరగకపోతే చక్రం పైపెక్కి కూర్చుంటుంది.

పైపు ఒకటిన్నర అంగుళాల మందపాటి పీవీసీ. కరెంటు వైర్లకి వాడే పల్చటి పైపు మనిషి బరువుకి వంగిపోతుంది. అతుకు దగ్గర బయటి కప్లర్ అసలే వద్దు, దాని అంచు ఎక్కిన ప్రతిసారీ గతుకే. లోపల బిగుతుగా పట్టే అడుగు పొడవు చెక్క రూళ్లకర్ర దూర్చండి. పైపు చివరల్ని నిట్టనిలువుగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా కోయండి, చక్రం ఆ సందుని ఒక్కసారిగా గుద్దకుండా జారుకుంటూ దాటుతుంది. కోసిన అంచుని ఆకురాయితో, ఆ తర్వాత సాండ్‌పేపర్‌తో వేలికి తగలనంత వరకూ రుద్దండి. పైపుని కర్రకి పట్టించే స్క్రూలు అడుగు వైపు నుంచి వేయండి. ఎండలో పరిచి భోజనానికి పోయారా, వచ్చేసరికి పైపులు వంకర్లు తిరిగి ఉంటాయి. ట్రాలీని రాత్రంతా బరువుతో ట్రాక్ మీదే ఉంచినా చక్రాలు ఒకవైపు చదునై, మర్నాడు టకటకమంటాయి.

కెమెరా ఒక్కటే పెట్టి తోస్తే తేలికైన ట్రాలీ వణుకుతుంది. రెండు ఇసుక బస్తాలు వేయండి.

ఇవేవీ కొనలేకపోతే వీల్‌చెయిర్ తెచ్చుకోండి. పెద్ద చక్రాలు చిన్న సందుల్ని పట్టించుకోవు, గాలి టైరైతే ఇంకా మేలు. 1959లో 'బ్రెత్‌లెస్' సినిమాకి పారిస్ వీధుల్లో ఫ్రెంచ్ కెమెరామన్ రౌల్ కూతార్ వీల్‌చెయిర్‌లో కూర్చుని కెమెరా పట్టుకుంటే తోసింది దర్శకుడు గొడార్.

తోయడం అంటే గుర్తొచ్చింది, ఇది ఎప్పటినుంచో నా కడుపులో ఉన్న మంట. మన షార్ట్ ఫిల్ముల్లో ట్రాలీ తోసేవాడిని మనిషిలా చూడరు. ఖాళీగా ఎవడు కనిపిస్తే వాడిని పిలిచి "తొయ్యరా" అంటారు. మొదటి అడుగు మెల్లగా ఎత్తుకోవాలి, నటుడి నడకతో సమంగా పోవాలి, టేపు గుర్తు దగ్గర కుదుపు లేకుండా ఆగాలి. కళ్లు ట్రాక్ మీద కాదు, నటుడి భుజం మీద ఉండాలి. రిహార్సల్ లేకుండా ఎవరివల్లా కాదది. షాట్ బాగా వస్తే చప్పట్లు కెమెరామన్‌కి, చెడితే తిట్లు తోసినవాడికి. టైటిల్స్‌లో టీ తెప్పించిన స్నేహితుడి పేరు కూడా ఉంటుంది, ఇతని పేరు ఉండదు. సినిమాటోగ్రాఫర్ పేరు కిందే "ట్రాలీ" అని రాసి అతని పేరు వేయండి. షాట్‌కి ముందు కనీసం రెండు రిహార్సల్స్ ఇవ్వండి.