పాస్‌బుక్ మన హక్కయినప్పుడు సింక్ ఎందుకు కాదు?

పోయిన ఆదివారం విశాఖ కూర్మన్నపాలెంలో మా బాబాయ్ ఇంట్లో మూడు గంటలు కూర్చున్నాను. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. జీతం వచ్చిన మొదటి నెల నుంచి జమాఖర్చులు రాసుకోవడం అలవాటు. ఏడాది కిందట కూతురు ఆయన ఫోన్‌లో ఒక ఖర్చుల యాప్ వేసి, బ్యాంకు ఖాతాలు కలిపి ఇచ్చింది. ఖాతాల్లోని లావాదేవీలు వాటంతటవే యాప్‌లోకి చేరడాన్నే సింక్ అంటారు. నేను గుమ్మం దాటేలోపే ఆ ఫోన్ నా చేతికిచ్చి, "ఏట్రా ఇది, నా డబ్బులు ఏటైపోనాయి?" అన్నారు.

డబ్బులు ఎక్కడికీ పోలేదు. మూడు ఖాతాల్లో పెన్షన్ పడే ఖాతా 19 రోజులుగా అప్‌డేట్ కాలేదు. పిన్నితో కలిపి ఉన్న జాయింట్ ఖాతా అసలు కనిపించనే లేదు. మూడోదాంట్లో సింహాచలం కొండ మీద కొబ్బరికాయలకిచ్చిన 60 రూపాయలు రెండుసార్లు పడ్డాయి.

యాప్ కస్టమర్ కేర్ వాళ్లు చెప్పిన మందు ఒక్కటే: ఖాతాను యాప్ నుంచి విడదీసి (డీలింక్ చేసి) మళ్లీ లింక్ చేయండి. బాబాయ్ నాలుగుసార్లు చేశారు. చేసిన ప్రతిసారీ పాత నెలల లావాదేవీలు కొత్తగా దిగి, ముందున్న వాటి పక్కన చేరాయి. బ్రాంచికి వెళితే "అది మీ యాప్ సమస్య సార్" అన్నారు. యాప్ వాళ్లేమో బ్యాంకు సర్వర్ పలకడం లేదన్నారు. మధ్యలో ఉండి మన అనుమతితో బ్యాంకు డేటాను యాప్‌కు అందించే అకౌంట్ అగ్రిగేటర్ సంస్థ, తాము డేటా చేరవేస్తామే తప్ప అందులో ఏముందో చూడబోమని మెయిల్ పెట్టింది. తిలా పాపం తలా పిడికెడు.

నేను ఒక నిర్ణయానికి వచ్చే ఇది రాస్తున్నాను. సింక్ సమస్యకు రిపేరు చేయాల్సిన చోటు బ్యాంకు. ఖాతా పుస్తకంలో ఎంట్రీలు వేసి ఇవ్వడం బ్యాంకు బాధ్యత అయినట్టే, ఖాతాదారుడు కోరిన యాప్‌కు అదే సమాచారం పూర్తిగా, సమయానికి అందించడం కూడా బ్యాంకు బాధ్యతే. మనం మాత్రం ఏళ్ల తరబడి యాప్‌లను తిట్టుకుంటూ, అన్‌ఇన్‌స్టాల్ చేసి ఇంకొకటి వేసుకుంటూ కాలం గడిపేస్తున్నాం.

మన దేశంలో ఈ యాప్‌లు మొదట్లో బతికింది ఎస్సెమ్మెస్‌ల మీద. బ్యాంకు పంపే మెసేజ్ చదివి ఖర్చు రాసుకునేవి. 2019 నుంచి ప్లే స్టోర్‌లో గూగుల్ ఎస్సెమ్మెస్ అనుమతులను బిగించింది. 2024 జూన్ 25 నుంచి ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు, 100 రూపాయలకు మించని యూపీఐ చెల్లింపులకు మెసేజ్‌లు పంపడం మానేసింది. అంటే ఆర్కే బీచ్‌లో తిన్న ముంత మసాలా, ఆటో చార్జీ, టీ నీళ్లు ఏవీ అలాంటి యాప్‌కు తెలియవు. నెలాఖరుకు లెక్క తేలకపోవడంలో వింతేముంది? మెయిల్‌కు వచ్చే స్టేట్‌మెంట్లు చదివే యాప్‌లకు ఇంకో చిక్కు. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాలకు మారాలని ఆర్‌బీఐ చెప్పింది. మోసాలు తగ్గించడానికి అది మంచి పనే. కానీ పాత చిరునామాలు పట్టుకుని వెతికే సాఫ్ట్‌వేర్‌కు అడ్రస్ గల్లంతవుతుంది.

వీటన్నిటికీ అసలైన జవాబుగా వచ్చిందే అకౌంట్ అగ్రిగేటర్. ఆర్‌బీఐ 2016 సెప్టెంబరు 2న నిబంధనలు ఇచ్చింది. సరిగ్గా అయిదేళ్లకు, 2021 సెప్టెంబరు 2న, ఎనిమిది బ్యాంకులతో జనంలోకి వచ్చింది. మీరు అనుమతి ఇస్తారు. బ్యాంకు డేటాకు తాళం వేసి పంపుతుంది. అగ్రిగేటర్ దాన్ని విప్పలేదు. మీరు చెప్పిన సంస్థ మాత్రమే విప్పుకుంటుంది. అనుమతి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఇంత చక్కటి ఏర్పాటు చాలా దేశాల్లో లేదు, నాకు దీని మీద నిజంగా గౌరవం ఉంది.

మరి బాబాయ్ దగ్గర ఎక్కడ తెగింది? పెన్షన్ ఖాతా సంగతి చూద్దాం. అగ్రిగేటర్ మన ఖాతాలను వెతికేది ఫోన్ నంబరును బట్టి. 19 రోజుల కిందట ఆయన కేవైసీ కాగితాలు ఇవ్వడానికి బ్రాంచికి వెళ్లారు. అప్పుడు తోడు వెళ్లింది కూతురు. ఫారంలో రెండో నంబరుగా రాసిన ఆమె ఫోన్‌ను కౌంటర్లో అసలు నంబరుగా ఎక్కించేశారు. ఆ ఖాతాతో ఆయన యూపీఐ వాడరు కాబట్టి ఎవరికీ తెలియలేదు. "నాన్నా, నీ పెన్షన్ మెసేజ్ నాకొచ్చిందేంటి?" అని కూతురు ఫోన్లో అడిగితే గానీ మాకు లైటు వెలగలేదు. నాలుగు డీలింకులు కాదు, నలభై చేసినా ఆ ఖాతా దొరికేది కాదు.

60 రూపాయల సంగతి తేలిక. ఒకటి ఎస్సెమ్మెస్ నుంచి, ఇంకొకటి అగ్రిగేటర్ నుంచి వచ్చింది. యూపీఐ చెల్లింపు ప్రతిదానికీ 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. రెండు ఎంట్రీల్లో అదే నంబరు ఉంటే ఒకటి తీసేయాలి, ఎస్సెమ్మెస్ చదివే అనుమతి ఆపేయాలి. మీ యాప్‌లో డబుల్ ఎంట్రీలు ఉంటే ముందు ఇదే చూడండి. ఇక జాయింట్ ఖాతా. ఇద్దరూ కలిసి సంతకం పెట్టాల్సిన ఖాతాలు ఈ దారిలోకి ఇంకా సరిగా రాలేదు. రిటైరైన దంపతుల డబ్బు చాలా ఇళ్లలో ఉండేదే అలాంటి ఖాతాల్లో.

బాబాయ్ పాస్‌బుక్ తెరిచి చూశాను. ఒక లైను యూపీఐ అని మొదలై, డీఆర్ అని, 12 అంకెలు, ఆ తర్వాత సగంలో తెగిపోయిన పేరు. ఆ పేరు చూసి ఆయనకే ఎవరికిచ్చారో గుర్తు రాలేదు. మనిషికే అర్థం కానిది సాఫ్ట్‌వేర్ ఏం చదువుతుంది, దాన్ని కూరగాయల పద్దులో వేయాలో మందుల పద్దులో వేయాలో ఎలా తెలుసుకుంటుంది? పాస్‌బుక్‌లో, స్టేట్‌మెంటులో లావాదేవీ వివరం అర్థమయ్యేలా ఉండాలని, ఎవరికి చెల్లించారో, ఏ చార్జీ ఎందుకు పట్టుకున్నారో రాయాలని ఆర్‌బీఐ 2017 జూన్ 22నే బ్యాంకులకు చెప్పింది. ఆ ఆదేశాన్ని మనసు పెట్టి అమలు చేసి ఉంటే ఈ యాప్‌ల కష్టాల్లో సగం పుట్టేవే కావు.

యూపీఐ ఎందుకు బాగుపడింది? ఏ బ్యాంకులో ఎంత శాతం చెల్లింపులు సాంకేతిక లోపంతో ఫెయిలయ్యాయో, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నెలనెలా బ్యాంకు పేరుతో సహా ప్రకటిస్తుంది. ఆ పట్టికలో పరువు పోతుందని బ్యాంకులు సర్వర్లు పెంచుకున్నాయని నా గట్టి నమ్మకం. ఒక యాప్‌లో బ్యాలెన్స్ రోజుకు 50 సార్లకు మించి చూడకూడదని 2025 ఆగస్టు 1 నుంచి లెక్క పెట్టి మరీ నియమం పెట్టగలిగారు. అంత సూక్ష్మంగా చూసే వ్యవస్థ, ఖాతాదారుడు అనుమతించిన డేటాను ఏ బ్యాంకు ఎన్నిసార్లు ఇవ్వలేకపోయిందో ఆర్‌బీఐ పేరు మీద నెలనెలా జనానికి చెప్పలేకపోతుందా? డేటా తీసుకునే బ్యాంకు డేటా ఇవ్వాలి కూడా అని 2023 అక్టోబరులో నియమం వచ్చింది. ఇవ్వాలన్నారు సరే. ఎంతసేపట్లో, ఎంత పూర్తిగా అన్నది కూడా అంతే గట్టిగా చెప్పాలి. మనకు అప్పు అమ్మాల్సి వచ్చినప్పుడు ఇదే గొట్టంలోంచి మన ఏడాది లావాదేవీలు నిమిషాల్లో లాక్కోగలిగినవాళ్లు, మన లెక్క మనం చూసుకుంటామంటే ఎందుకు తడబడతారు?

బ్యాంకుల వాదన కూడా ఉంది. వేల యాప్‌లు గంటకోసారి అడిగితే సర్వర్ల మీద భారం, డేటా బయటికి ఎంత వెళితే అంత ప్రమాదం అంటారు. చేత్తో రాసుకుంటేనే ఖర్చు మీద అదుపు ఉంటుందనే పెద్దలూ ఉన్నారు, మా బాబాయ్ నోట్‌బుక్ చూశాక వాళ్లను కాదనలేను. కానీ ఆర్‌బీఐ, సెబీ లాంటి నియంత్రణ సంస్థల కింద ఉన్నవాళ్లకే ఈ దారిలో డేటా తీసుకునే అర్హత ఉంది, ఎంత తరచుగా తీసుకోవాలో అనుమతి పత్రంలోనే ఉంటుంది. భారమూ ప్రమాదమూ రెండింటికీ అక్కడే హద్దు ఉంది.

అసలు ప్రమాదం ఇంకోవైపు ఉంది, నన్ను నిద్రపోనివ్వనిది అదే. ముందు గుమ్మం తెరుచుకోకపోతే జనం దొడ్డిదారి వెతుక్కుంటారు. సింక్ కాలేదని విసిగినవాడు ఏదో సాఫ్ట్‌వేర్ అడిగిందని నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ టైపు చేసేస్తాడు. ఆరు నెలల స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌ను, పుట్టిన తేదీతో చేసిన దాని పాస్‌వర్డ్‌ను కలిపి ఊరూపేరూ లేని వెబ్‌సైటుకు ఎక్కిస్తాడు. మెసేజ్‌లన్నీ చదవడానికి అనుమతి కొట్టేస్తాడు. లోన్ యాప్‌ల వాళ్లు ఫోన్లో చొరబడి మన రాష్ట్రంలో ఎన్ని కుటుంబాలను వీధిన పడేశారో చూశాం. వాళ్లకు కావాల్సింది కూడా సరిగ్గా ఇవే. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు, సక్రమమైన దారిని సగం మూసి ఉంచి, ఆపైన "పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి" అని మెసేజ్ పెడితే జాగ్రత్త చెప్పినట్టు ఎలా అవుతుంది?

విశాఖలో కూర్చుని ఇది రాస్తుంటే బాధ ఇంకా ఎక్కువవుతోంది. 2016 చివర్లో ఈ ఊరికి ఫిన్‌టెక్ వ్యాలీ అని పేరు పెట్టారు. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతానని ప్రకటించింది. దానికి ఎంచుకున్న చోట్లలో ఒకటైన తర్లువాడ పేరు దేశమంతా వినిపించింది. రావాలి, పిల్లలకు ఉద్యోగాలు రావాలి. అయితే డేటా నగరం అంటే డేటాను దాచే గోడౌన్లు ఉన్న ఊరేనా? ఆ ఊళ్లో ఉండేవాడికి తన డేటా తన చేతికి అందాలి కదా. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, మరుసటి ఏడాది పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు చెల్లకుండా పోయాయి. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. ఇలాంటి ప్రతి విలీనానికీ ఖాతాదారుడే కొత్త చెక్కుబుక్కు, కొత్త కోడ్, కొత్త యాప్ అంటూ తిరిగాడు. మార్పు బ్యాంకుది, తిప్పలు మనవి. కలిసిన రోజునే పాత లింకులన్నీ కొత్త బ్యాంకుకు మార్చి ఇచ్చే బాధ్యత విలీన ఉత్తర్వులోనే ఎందుకు రాయరు?

సోమవారం నేను, బాబాయ్ కలిసి బ్రాంచికి వెళ్లాం. నంబరు సరిచేయమని, జాయింట్ ఖాతా వివరాలు ఎందుకు రావడం లేదో రాతపూర్వకంగా చెప్పమని రెండు వేర్వేరు అర్జీలు ఇచ్చాం. తీసుకున్నట్టు స్టాంపు వేయించుకున్నాం. నంబరు రెండు రోజుల్లో మారింది, పెన్షన్ ఖాతా ఆ సాయంత్రానికే యాప్‌లోకి వచ్చింది. రెండో అర్జీకి ఇంకా జవాబు లేదు. 30 రోజులు దాటితే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయవచ్చు, 14448కు ఫోన్ చేసి సాయం అడగవచ్చు. బాబాయ్ క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు.