ఊపిరి పీల్చినందుకు క్షమించగలరు

మహారాజశ్రీ పీయూష గ్రంథి గారికి,

నమస్కరించి రాయునది. ఇవాళ మా అమ్మాయి పక్కన కూర్చుని దాని పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. "అమ్మా, అలా ఊపిరి పీల్చకు, చిరాగ్గా ఉంది" అంది. నమిలే చప్పుడంటే సర్దుకుంటాను. ఊపిరండీ! ఆ చప్పుడు వింటూనే కదా, ఇన్నేళ్లూ నా గుండెల మీద నిద్రపోయింది?

తమరు మెదడు అడుగున బఠాణీ గింజంత ఉంటారట, ఇంగ్లీషులో పిట్యూటరీ అంటారట. పీయూషం అంటే అమృతం. ఆ పేరు పెట్టిన పండితుడి ఇంట్లో పదేళ్ల ఆడపిల్ల ఉండి ఉండదు.

ఆడపిల్లల్లో ఈ ఎదిగే వయసు మార్పులు 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడు మొదలైనా మామూలేనన్నారు డాక్టరుగారు. తమరి పనివేళలు విని మాత్రం ఒళ్లు మండింది. పైనున్న హైపోథాలమస్ అనే మెదడు భాగం సైగ చేయగానే, మొదట్లో రాత్రిపూట, పిల్ల ఒళ్లెరగని నిద్రలో ఉండగా, విడతలు విడతలుగా హార్మోన్లు వదులుతారట. వాటితో అండాశయాలు మేల్కొని ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తయారీ మొదలెడతాయట. దొంగ కూడా రాత్రే వస్తాడు, కానీ ఉన్నది పట్టుకుపోతాడే తప్ప కొత్తవి పెట్టిపోడు.

మా అమ్మాయి నెలల పాపగా ఉన్నప్పుడే తమరు కొన్నాళ్లు ఈ పని చేసి పడుకున్నారట కదా. ఇన్నేళ్లు పడుకున్నవారికి ఇంకో రెండేళ్లు బరువైందా?

మొన్న కొన్న బూట్లు అప్పుడే బిగుతు. ఒళ్లంతటికన్నా ముందు పాదాలే పెరుగుతాయట, సరే. చెమట వాసన మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల వారి సెక్షన్, వాళ్లకు వేరే రాస్తాను.

"మేం పంపింది రెండు హార్మోన్లే, ఊపిరి గొడవ మాకు తెలీదు" అంటారేమో. ఫైలు పక్క టేబుల్ మీద ఉందనే జవాబు చాలా చోట్ల విన్నాన్లెండి. మర్యాద ఇక చాలు. గింజంత ఉండి, నా ఇంట్లో నన్ను ముక్కు మూసుకుని తిరగమంటావా? పొద్దున నవ్వు, పది నిమిషాలకు ఏడుపు, ఎందుకే అంటే "నాకేం తెలుసు!" అని తలుపు ధడేల్. నిజంగానే దానికి తెలీదు. అదే నా కడుపుమంట.

నిన్న అర్ధరాత్రి ఆ తలుపే తెరుచుకుంది. దిండు చంకన పెట్టుకొచ్చి, "అమ్మా, జరుగు" అని నా పక్కన ముడుచుకుని పడుకుంది. అప్పుడు కూడా నీ డ్యూటీ నడుస్తూనే ఉండి ఉంటుంది. నడుపుకో.

ఇవాళ కూడా వస్తే, ఊపిరి మెల్లగా పీలుస్తాను.

ఇట్లు,
చప్పుడు చేయని తల్లి