అడవికి వెళ్లాలనుకునే నా స్నేహితుడి కోసం

పోయిన వారం నా స్నేహితుడు రాజీనామా లెటర్ టైప్ చేసి తెచ్చి నాకు చూపించాడు. "అన్నీ వదిలేసి ఎక్కడో అడవిలో బతుకుతాను. ఇక్కడ నాకేమీ అర్థం కావట్లేదు" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కళ్లు తెరిచింది మొదలు మూసేదాకా ఫోనూ టెన్షనూ, ఎవరి కోసం చేస్తున్నామో తెలియని పని. వీటితో విసిగిపోయిన మనిషిని పిచ్చోడనడం అన్యాయం. దానికంటే పెద్ద అన్యాయం అడవిని అందంగా చుట్టి అమ్మే వీడియోలు చేస్తున్నాయి. పొగమంచు, చెక్క గుడిసె, వెనకాల వేణువు. వాటిలో ఎవరికీ ఆకలేయదు.

ఆకలంటే ఏమిటో లైకోవ్ కుటుంబానికి తెలుసు. సోవియట్ పాలనలో మతం పేరుతో సాగిన వేధింపులకు భయపడి 1936లో కార్ప్ లైకోవ్ భార్యాబిడ్డలతో సైబీరియా అడవుల్లోకి వెళ్లిపోయాడు. 1978లో భూగర్భ శాస్త్రవేత్తల కంటపడేదాకా వాళ్లకు రెండో ప్రపంచ యుద్ధం జరిగిందనే తెలియదు. 1961లో జూన్ నెలలో మంచు కురిసి తోటలో వేసినదంతా పోయింది. ఉన్న కాస్తా పిల్లలకే పెట్టి తల్లి అకులీనా ఆకలితో చనిపోయింది. తర్వాత బఠానీ మడిలో గోధుమలాంటి రై ధాన్యపు గింజ ఒకే ఒక్కటి మొలకెత్తింది. ఎలుకలూ ఉడుతలూ కొరక్కుండా దాని చుట్టూ కంచె కట్టి, రాత్రింబవళ్లు కాపలా కాశారు. ఆ ఒక్క వెన్నుకు 18 గింజలొచ్చాయి. వాటితోనే మళ్లీ సాగు మొదలుపెట్టారు. అమ్మను పోగొట్టుకుని ఆ వెన్ను ముందు కూర్చున్న పిల్లలు తలపుకొస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. బయటివాళ్లు ఎన్ని కానుకలిచ్చినా మొదట వాళ్లు తీసుకున్నది ఉప్పు ఒక్కటే. ఉప్పు లేకుండా అన్నేళ్లు గడపడం చిత్రహింసేనని కార్ప్ చెప్పాడు.

వాళ్లంటే ప్రాణభయంతో వెళ్లారు. బతుక్కో అర్థం కావాలని వెళ్లినవాడు క్రిస్టఫర్ మెక్‌కాండ్లెస్ అనే అమెరికా కుర్రాడు. చదువు పూర్తవగానే దాచుకున్న డబ్బు దానం చేసేసి, రెండేళ్లు ఊళ్లు తిరిగి, 1992 ఏప్రిల్‌లో అలాస్కా అడవిలోకి నడిచాడు. ఒక పాత బస్సులో తలదాచుకున్నాడు. అతన్ని హీరో అనేవాళ్లూ మూర్ఖుడనేవాళ్లూ ఒక సంగతి మర్చిపోతారు. జులైలో అతను తిరిగి వచ్చేద్దామనే బయల్దేరాడు. వెళ్లేటప్పుడు దాటిన నది అప్పటికి ఉధృతంగా పారుతోంది. దాటలేక వెనక్కి వెళ్లాడు. కొద్ది దూరంలోనే తీగ మీద లాక్కుంటూ నది దాటే బుట్ట ఒకటుంది, కానీ అతని దగ్గర సరైన మ్యాప్ లేదు. ఆగస్టులో చనిపోయాడు, 24 ఏళ్లకే. పంచుకుంటేనే సంతోషం నిజమవుతుందని ఒక పుస్తకంలో రాసుకున్నాడు. ఆ బస్సును చూడ్డానికి వెళ్లి మరో ఇద్దరు నదిలో కొట్టుకుపోయారు. చివరికి 2020లో దాన్ని హెలికాప్టర్‌తో తీసుకెళ్లిపోయారు.

అమెరికాలోనే మెయిన్ అనే రాష్ట్రపు అడవిలో 27 ఏళ్లు ఒంటరిగా దాక్కున్న క్రిస్టఫర్ నైట్ అయితే చుట్టుపక్కల ఇళ్లలో దొంగతనాలు చేసి బతికాడు. ఎప్పుడెవరు తలుపు పగలగొడతారోనని భయపడ్డవాళ్ల మీద నిలబడిన స్వేచ్ఛ అది. దాన్ని నేను మెచ్చుకోలేను.

నేను మెచ్చుకునేది డిక్ ప్రెనెకీని. 50 దాటాక, 1968లో, అలాస్కాలో ఒక సరస్సు ఒడ్డున సొంత చేతులతో ఇల్లు కట్టుకుని సుమారు 30 ఏళ్లు ఉన్నాడు. కొన్ని పనిముట్లకు ఇనప భాగాలే తీసుకెళ్లి, పిడులు అక్కడే చెక్కుకున్నాడు. తలుపు బందులు కూడా చెక్కతోనే. అతనికి దొరికిన అర్థం ఆ పనిలోనే ఉందని నా నమ్మకం. అయినా అతను మనుషులతో తెంచుకోలేదు. స్నేహితుడి చిన్న విమానం ఉత్తరాలూ సరుకులూ తెచ్చేది.

ఇదంతా నా స్నేహితుడికి చెప్పాను. ఉద్యోగం మానొద్దని మాత్రం అనలేదు. గొడ్డలికి పదును పెట్టడం వచ్చా అని అడిగాను. రాదన్నాడు. నేర్చుకుంటానన్నాడు.

"నువ్వు అక్కడున్నప్పుడు నెలకోసారి నీ దగ్గరికొచ్చి చూసేదెవరు?"

చాలాసేపు ఆలోచించి నా పేరే చెప్పాడు. వస్తానని మాటిచ్చాను.